రోంత పట్టుకో

"ఏమ్మే, రోంత పట్టుకో."

పెనుకొండలో ఆ ఇంటి పెరట్లో ఆదివారం వస్తే ఇదే పిలుపు, కొంచెం పట్టుకోమని. యువరాజ్ వారమంతా ధర్మవరంలో పట్టుచీరల అంగట్లో లెక్కలు రాస్తాడు. ఆదివారం వెల్డింగ్ మిషన్‌తో ఇనుము అతికిస్తాడు. బతుకుతెరువుకు కాదు, సరదాకు. సరదా అని తీసిపారేయకండి, అన్నీ పద్ధతిగా అమర్చుకున్నాడు. భార్య సుకన్య అంట్లు తోముకునే తావు చదును చేయించి ఇనుప బల్ల వేయించాడు. వంటింటి గోడ పక్కనున్న గ్యాస్ సిలిండర్‌ను అవతలి మూలకు జరిపించాడు. జరిపింది సుకన్యే అనుకోండి. బల్ల పక్కన ఇసుక బకెట్, తన కాళ్ళ కింద రబ్బరు చాప, చేతులకు తోలు గ్లవుజులు, ముఖానికి నల్ల అద్దం హెల్మెట్. చూడవచ్చిన స్నేహితులతో, "సేఫ్టీ కాడ నేను రాజీ పడనప్పా" అంటాడు. వాళ్ళకు కాఫీలు అందిస్తూ సుకన్య ఆ మాట వింటూనే ఉంటుంది.

ఆ బల్లకు లేనిదల్లా ఇనుప ముక్కను కదలకుండా బిగించే వైస్ ఒక్కటే. అది కొనమని సుకన్య అడిగింది.

"నువ్వుండావు కదమ్మే, అదెందుకు దండగ?" అన్నాడు, ముద్దుగానే. ఆమె నవ్వింది కూడా. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే ఆమెకే ఒళ్ళు మండుతుంది.

పాత నైటీ, ఒట్టి కాళ్ళు, చేతిలో వంటింటి పటకారు. నిప్పురవ్వలు పడి నైటీ అంతా చిల్లులు. "కండ్లు మూసుకో" అంటాడు. మూసుకుంటే ముక్క పక్కకు జరుగుతుంది. జరిగితే, "యాడ చూస్తాండావు?" అని కసురుతాడు. కళ్ళు మూసుకున్న మనిషి ఎక్కడ చూస్తుందో ఆయనకే తెలియాలి. ఇంకో హెల్మెట్ కొందామంటే, "నువ్వేమన్నా వెల్డింగ్ చేస్తావా?" అన్నాడు. అదీ నిజమేగా అనుకుంది ఆ పిచ్చిది.

పోయిన ఆదివారం పూలకుండీల స్టాండు మొదలుపెట్టాడు. పొద్దు గూకేసరికి సుకన్య కళ్ళలో ఎవరో ఇసుక పోసినట్టయింది. తెరిస్తే మంట, మూస్తే నీళ్ళు. అత్త కదిరమ్మ ఉర్లగడ్డను, అదే బంగాళాదుంపను, చక్రాలుగా తరిగి రెప్పల మీద పెట్టింది. పెడుతూనే అంది, "వాడు తాగతాడా, పేకాడతాడా? మగోనికి ఒక సరదా. రోంత పట్టుకుంటే నీదేం పోయె?"

ఏం పోతుందో మర్నాడు హిందూపురం గార్మెంట్స్‌లో తెలిసింది. సుకన్య చొక్కాలకు కాలర్లు కుడుతుంది. దారాలు కత్తిరించే పనితో చేరి, ఎంతో ఓపికపడితే కాలర్ల మిషన్ మీద కూర్చోనిచ్చారు. ఇంట్లో ఆమె చేసే పనికి పేరు లేదు. ఇక్కడ మాత్రం మంచి కాలరు చూస్తే ఇది సుకన్యది అంటారు. ఆ ఒక్క మాట కోసం బస్సులో నిలబడి వచ్చినా కాళ్ళు నొప్పి పుట్టవు. ఆ రోజు సూది రెండుగా కనిపించింది. కుట్టినవన్నీ వంకర పోయాయి. ఇన్‌చార్జి పుష్ప వాటిని ముందు పడేసి, "కండ్లు బాగు చేయించుకొని రా. ఇంకోసారి ఇట్లయితే మళ్ళా దారాలు కత్తిరించేకాడికే పంపిస్తా" అంది.

కళ్ళ డాక్టరు లైటు వేసి చూశాడు. "వెల్డింగ్ పని చేస్తావామ్మా?"

"నేను చేయను సార్. మా ఆయన చేస్తాడు. నేను పట్టుకుంటా."

"ఆయన కళ్ళకేం కాలేదా?"

"ఆయనకు హెల్మెట్ ఉండాది సార్."

డాక్టరు లైటు ఆర్పేశాడు. మళ్ళీ మళ్ళీ ఇలా అయితే చూపు దెబ్బతింటుందని చెప్పి చుక్కల మందు రాసిచ్చాడు. ఇంటికొచ్చి ఆ మాటే చెబితే యువరాజ్ నవ్వాడు. "డాక్టర్లు అట్లే బెదిరిస్తారు. ఒక రాత్రి నీళ్ళు కారతాయి, అంతే. ఏం కాదు."

మళ్ళీ ఆదివారం. స్టాండుకు ఆఖరి కాలు అతికించాలి.

"ఏమ్మే, రోంత పట్టుకో."

సుకన్య పెరట్లోకి వచ్చింది. బల్ల మీదున్న హెల్మెట్ తీసి తన తలకు పెట్టుకుంది. పటకారుతో ముక్కను పట్టుకొని నిలబడింది. "ఊఁ, కానీ."

"తమాషాగుండాదా? ఇట్లియ్యి."

"పట్టుకున్యా కదా. అతికించు."

"అది లేకుండా ఎట్ల అతికించేది?" యువరాజ్‌కు కోపమొచ్చింది. "నా కండ్లు పోవా?"

గుమ్మంలో ఉర్లగడ్డలు తరుగుతున్న కదిరమ్మ చెయ్యి ఆగింది. నల్ల అద్దం వెనక సుకన్యకు ఏమీ కనబడలేదు, ఆ మాట మాత్రం వినబడింది. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టింది. దాని పక్కనే పటకారు, ఇనుప ముక్క.

"పోతాయని నీకు తెలుసు," అంది మెల్లగా. "తెలిసే నన్ను పట్టుకోమన్యావు."

లోపలికి వెళ్ళి అద్దం ముందు నిలబడి చుక్కల మందు వేసుకుంది. పెరట్లోంచి "ఏమ్మే" అని వినిపించింది. కాసేపాగి మళ్ళీ వినిపించింది.

ఆమె చుక్కల సీసా మూత బిగించి, కళ్ళు మూసుకుని పడుకుంది.