స్ప్రింగుల సైకిల్

ఊగేది ఏదైనా బిగించాల్సిందేనని మొగులయ్య తన కూతురికి నేర్పాడు. హ్యాండిల్ ఊగినా, చక్రం ఊగినా, పెడల్ ఊగినా అంతే. నారాయణఖేడ్ బస్ డిపో గోడ పక్కన ఆయన సైకిల్ దుకాణం. బడి లేని రోజుల్లో పద్నాలుగేళ్ల రిబ్కమ్మ అక్కడే పానాలు అందిస్తూ పని నేర్చుకుంది. నర్సు జోహరాబీ సైకిల్ వచ్చేదాకా ఆ మాట ఎన్నడూ తప్పు కాలేదు.

జోహరాబీ మనూర్ వైపు తండాలకు వెళ్లి పసిపిల్లలకు సూదులు వేసేది. రాళ్లబాటలో తిరిగీ తిరిగీ నడుము పట్టేస్తే, ఆమె తమ్ముడు హైదరాబాద్ నుంచి కొత్తరకం సైకిల్ పంపాడు. లావు టైర్లు, ముందు స్ప్రింగులు, సీటు కింద ఇంకో పెద్ద స్ప్రింగు. కొండలెక్కే సైకిలట.

ఒక ఆదివారం మొగులయ్య కల్హేర్ అంగడికి పోయినప్పుడు జోహరాబీ వచ్చింది.

"ఎన్క కిర్రుమంటుంది బిడ్డా. జర చూడు, పొద్దుమీకి వస్త," అని సైకిల్ వదిలి వెళ్లింది.

రిబ్కమ్మ కీలులో నూనె వేసింది. కిర్రు పోయింది. కానీ సీటు మీద చెయ్యి ఆనిస్తే ఊగుతూ కిందికి దిగుతోంది. స్ప్రింగు మీద ఒక ఇనుప రింగు ఉంది, తిప్పితే బిగుస్తోంది. ఇక తిరగనని మొరాయించేదాకా దాన్ని తిప్పింది. ఎక్కి కూర్చుంటే సీటు బండలా నిలిచింది.

సాయంత్రం జోహరాబీ డిపో ముందు తారురోడ్డు మీద ఒక చుట్టు తొక్కి చూసింది. చప్పుడు లేదు. "మీ నాయినను మించినవు పో," అంది. ఆ రాత్రి రిబ్కమ్మకు అన్నం కూడా ఎక్కువే సహించింది.

బుధవారం జోహరాబీ నడుము పట్టుకుని ఆటోలోంచి దిగింది. డ్రైవర్ సైకిల్ దించాడు. మొగులయ్య సీటు నొక్కి చూశాడు. కదల్లేదు.

"స్ప్రింగు పట్టేసినట్టుంది నర్సమ్మా. గీ కొత్త మాల్ నాకు ఎర్కలేదు." కూతురి వైపు తిరిగాడు. "నువ్వేమన్న చేసినవానే?"

రిబ్కమ్మకు అప్పుడు అర్థమైంది. అది రాళ్ల కుదుపు తగలకుండా దిగడానికే చేసిన సీటు. నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి, తల ఎత్తకుండా, "నూనె పోసిన," అంది.

"పిల్లనేం అనకు మొగులన్నా," అంది జోహరాబీ. "నా నడుమే ఖరాబు." సైకిల్ అక్కడే వదిలి వెళ్లింది.

ఆ మాట విన్నాక రిబ్కమ్మకు ముద్ద దిగలేదు. చెబుదామని రెండు రోజులు నోరు తెరిచింది, రెండు రోజులూ మూసుకుంది.

శుక్రవారం జోహరాబీ మల్లప్ప అనే రైతును వెంటబెట్టుకుని వచ్చింది. "గీ సైకిల్ ఈయనకే ఇస్తున్న. తండాలకు ఇగ వేరేవాళ్లను పంపుమని ఆఫీసుల చెప్పిన. నాతోని కాదు."

"సైకిల్ మంచిదే నర్సమ్మా." రిబ్కమ్మ గొంతు ఆమెకే వినబడలేదు. మళ్లీ అంది. "నేనే బిగించిన. మొత్తం బిగించిన."

మల్లప్ప నవ్వాడు. "మంచి మిస్త్రీ తయారైంది మొగులయ్యా నీకు."

 మొగులయ్య పానా తీసి కూతురి చేతిలో పెట్టాడు. తిట్టినా బాగుండేది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని రింగును వదులు చేసింది. జోహరాబీ ఎక్కి కూర్చుంది.

"దిగిందా?" అన్నాడు మొగులయ్య.

"లేదు," అంది రిబ్కమ్మ.

"ఇంకా తిప్పు."

ఇంకో రెండు చుట్లు తిప్పాక సీటు వేలెడు దిగింది. జోహరాబీ ఒకసారి ఎగిరి కూర్చుని చూసింది. నడుము మీది చెయ్యి తీసింది.

"గట్టిగ బిగిస్తె మంచిదనుకున్నవు, సరే," అంది. "బుధవారం నేను నడుము పట్టుకొని నీ ముంగటనే నిలబడ్డ గదా. అప్పుడెందుకు చెప్పలే?"

 తల దించుకున్న రిబ్కమ్మకు కనిపిస్తున్నవి తండాల ఎర్రమట్టి అంటిన జోహరాబీ చెప్పులు మాత్రమే. మల్లప్పను పొమ్మని చెప్పి, జోహరాబీ సైకిల్ తొక్కుకుంటూ వెళ్లిపోయింది. రిబ్కమ్మ పానా పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.