ఇరవై ఏడో పేజీలో సూది

దుర్గాభవాని ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు లెక్కల పుస్తకంలో దాచుకున్న డిటెక్టివ్ నవలను దత్తాత్రేయ మాస్టారు లాక్కుని, అడ్డంగా రెండు ముక్కలు చేసి కిటికీలోంచి విసిరేశారు. అప్పటికింకా పాతిక పేజీలు మిగిలున్నాయి. చంపినవాడెవడో ఆమెకు ఈనాటికీ తెలీదు. ముప్ఫై ఏళ్ళు గడిచాయి, మిషను కుట్టి ఇద్దరు పిల్లల్ని డిగ్రీ చదివించింది, కానీ ఆ కోపం మాత్రం చల్లారలేదు.

ఇప్పుడా మాస్టారే రిటైరై, తగుదునమ్మా అని ఆ ఊరి పఠన మందిరానికి అధ్యక్షుడై కూర్చున్నారు. చీపురుపల్లికి ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరది. మందిరానికి ఉన్న రెండు గదుల్లో ఒకటి పంచాయతీ వాళ్ళు వెనక్కి తీసుకున్నారు. ఇక మూడు బీరువాల్లో ఒక్కదానికే చోటు. మిగతా పుస్తకాలన్నీ గోనెసంచుల్లోకి, అక్కణ్ణించి పాత కాగితాలవాడి బండిలోకి. ఏవి ఉంచాలో తేల్చడానికి ఆదివారం మీటింగు పెట్టారు గానీ, మాస్టారు ఇంటి దగ్గరే తేల్చేసుకుని వచ్చారు. డిటెక్టివ్‌లు, ప్రేమ నవలలు, దెయ్యాల కథలు పోవాలి.

"ఇవి పుస్తకాలు కావు, పకోడీల పొట్లాలు," అన్నారాయన. "అభిరుచి ఉన్నవాడు వీటిని చేత్తో ముట్టుకోడు."

మధ్యాహ్నం అన్నం తిన్నాక మిషను ఆపి చదువుకునే ఒక్క గంట తప్ప, రోజు మొత్తంలో దుర్గాభవానికి తనదంటూ ఏమీ లేదు. ఆ గంటను కళ్ళెదుటే గోనెలో కుక్కుతుంటే నోరు మూసుకోవడానికి ఆమె ఇప్పుడు ఎనిమిదో తరగతి పిల్ల కాదు.

"జిహ్వకో రుచి అన్నారు మాస్టారూ. మీకు కాకరకాయ ఇష్టమని ఊరందరి పులుసూ పారబోత్తారేటి?"

"రుచి వేరు, కక్కుర్తి వేరు."

ఒళ్ళు మండిపోయింది ఆమెకు. లేచి నిలబడింది.

"అయితే ఇరవై ఏడో పేజీ సూడండి. గుర్తున్న పుస్తకం ఉంటాది, గుర్తు నేని పుస్తకం పోతాది."

ఆ మందిరంలో అదొక అలవాటు. నవలల అట్టలన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఇంటికి తీసుకెళ్ళి నలభై పేజీలు చదివాక గానీ ఇది ముందే చదివిందేనని తెలీదు. అందుకని చదివినవాళ్ళు ఇరవై ఏడో పేజీ మీద ఎవరి గుర్తు వాళ్ళు పెట్టుకుంటారు. దుర్గాభవానిది పెన్సిలుతో సూదీ దారం. బస్సు కండక్టరుగా రిటైరైన అప్పలసూరి టిక్కెట్లు కొట్టే పంచితో చిల్లు పెడతాడు. లైబ్రేరియన్ లక్ష్మణమ్మ అరిచి అరిచి ఎప్పుడో విసిగిపోయింది. అయితే ఒక కట్టుబాటుంది, ఆఖరి పేజీ చదివితేనే గుర్తు. సగంలో వదిలేసి పెట్టడం దొంగ సంతకంతో సమానం.

భోజనాల వేళవుతోందని కమిటీ వాళ్ళు సరేనన్నారు. పుస్తకాలు తెరిచారు. డిటెక్టివ్‌ల పేజీలు జల్లెడలై ఉన్నాయి. మాస్టారు ఉంచాలని ఏరిన పుస్తకాల్లో సగానికి పైగా ఇరవై ఏడో పేజీ తెల్లగా మెరిసింది.

"మంచి పుస్తకం చదివేవాళ్ళు పిచ్చిగీతలు గీయరు," అన్నారు మాస్టారు.

"గీయకపోతే మానె. ఇంటికైనా పట్టుకెల్లినారా? రిజిస్టరు సూడు, లక్ష్మణమ్మా."

రిజిస్టరులోనూ ఏమీ లేదు. ఆఖరికి ఆకుపచ్చ అట్టతో ఒక లావుపాటి పుస్తకం వచ్చింది. మాస్టారు పదకొండేళ్ళ క్రితం రాసి అచ్చు వేయించుకున్న నవల అది. ఇరవై ఏడో పేజీలో ఎవరి గుర్తూ లేదు. దుర్గాభవాని దాన్ని చచ్చిన ఎలకను ఎత్తినట్టు రెండు వేళ్ళతో ఎత్తి గోనెలో పడేసింది. అప్పలసూరి కిసుక్కున నవ్వాడు. ముప్ఫై ఏళ్ళకు ఆమె కడుపు చల్లబడింది.

మాస్టారు మెల్లిగా లేచారు.

"అది చదివావా?"

"నేదు."

"చదవకుండానే పారేశావు. ఆ రోజు నేను చేసిందే ఇవాళ నువ్వు చేశావు. నా శిష్యురాలివే." ఇంకో మాట లేకుండా వెళ్ళిపోయారు.

చెప్పుతో కొట్టినా అంత మండేది కాదు. దుర్గాభవాని గోనెలో చెయ్యి పెట్టి ఆ పుస్తకాన్ని పైకి లాగింది. "సదివే పారేత్తాను," అంది.

"బుధవారం బండి వస్తాది. ఆలోగా తెచ్చీ," అంది లక్ష్మణమ్మ.

నాలుగువందల పన్నెండు పేజీలు. పెళ్ళాం ఇల్లు వదిలి కళింగపట్నం వెళ్ళిపోతుంది, మొగుడు కూర్చుని ఆలోచిస్తాడు. సముద్రం దగ్గరకొస్తే చాలు, రాసినాయన పదిహేను పేజీలదాకా ఒడ్డెక్కడు. మూడుసార్లు విసిరికొట్టి, మూడుసార్లూ తిట్టుకుంటూ మళ్ళీ తీసింది. కుట్టాల్సిన జాకెట్లు కుప్ప పడిపోయాయి. బుధవారం పొద్దున్నకి అయిందనిపించి, పెన్సిలు మొన విరిగేలా సూదీ దారం గీసి మందిరానికి పట్టుకెళ్ళింది.

మాస్టారు అక్కడే ఉన్నారు. పుస్తకం అందుకుని తిన్నగా ఇరవై ఏడో పేజీ తీశారు. సూదీ దారం మీద వేలు పెట్టారు.

"ఆఖరిదాకా?"

"ఆఖరిదాకా."

"ఎలా ఉంది?"

"నాకు నచ్చనేదు."

"అసలు చదివితే కదా. చెప్పు, ఆవిడ చివర్లో ఎందుకు తిరిగి రాలేదు?"

"ఎందుకొస్తాది? నాలుగొందల పేజీల్లో ఒక్కపాలైనా దాన్ని మాటాడనిచ్చినారా? ఆడే ఆలోసిస్తాడు, ఆడే ఏడుస్తాడు. బస్టాండులో పిల్ల కోసం ఆగినాది సూడండి, అక్కడైనా నోరిప్పుతాదని ఎదురుసూసినాను. అక్కడా మల్లీ సముద్రమే ఎట్టినారు. సంపీయాలనిపించినాది మిమ్మల్ని."

మాస్టారు పుస్తకం మూయలేదు.

"ఈ నవలకని నాకు శాలువా కప్పినవాళ్ళు కూడా ఆ బస్టాండుదాకా రాలేదు," అన్నారు. బయట బండివాడు గంట కొడుతున్నాడు. ఆయన బెంచీని ముందుకు లాగారు. "కూర్చో. ఇంకా ఎక్కడెక్కడ బాగులేదో చెప్పు."

దుర్గాభవాని కూర్చోలేదు.

"ముందు మీరు సెప్పండి. ఎనిమిదో క్లాసులో నా పుస్తకం సింపీసినారు. అందులో సంపినోడెవుడు?"

మాస్టారు బండి వైపు చూశారు. లక్ష్మణమ్మ వైపు చూశారు.

"వంటవాడు," అన్నారు. "సగంలోనే నాకు తెలిసిపోయింది."

అంటే ఆ రోజు కిటికీ అవతల పడ్డ రెండు ముక్కలూ ఏరుకుని చదివాడన్నమాట ఈ పెద్దమనిషి. దుర్గాభవాని అప్పుడు కూర్చుంది.

"మొదటి పేజీ నుంచీ సెప్తాను, ఇనండి," అంది.