దండెం మీద ఏడు ముక్కలు

నాయనమ్మ పాల ప్యాకెట్లు కడుగుతోంది. చివరి బొట్టు పిల్లికి పోసి, లోపలా బయటా తోమి, దండెం మీద ఆరేస్తుంది. ఆరాక మట్టి నింపి కరివేపాకు మొలకలు పెంచుతుంది. కర్దనూర్‌లో మా ఇంటికొచ్చిన ఏ కవరూ ఆమె చేతిలో స్నానం చేయకుండా ఉండదు.

ఆ పొద్దున ప్యాకెట్ల పక్కన ఇంకేవో మెరుస్తున్నాయి. అరచేయంత పలుచటి ముక్కలు, ఏడు. గాలికి తూనీగ రెక్కల్లా వణుకుతున్నాయి. ఒకదాంట్లోంచి చూస్తే దూరంగా ఫ్యాక్టరీ గొట్టం నీళ్లలో నిలబడ్డట్టుంది, పొగ కూడా నీళ్లలోనే మెల్లగా కరిగిపోతున్నట్టుంది. అలాగే చూస్తూ ఉండిపోయాను. అవేమిటో అప్పుడు తట్టింది.

మా అక్క చంద్రిక రుద్రారం యూనివర్సిటీలో ప్లాస్టిక్ మీద పరిశోధన చేస్తోంది. ప్లాస్టిక్‌ని తినే సూక్ష్మజీవులు మా పెంటకుప్పలో ఉన్నాయేమో చూడాలని, ఆరు నెలల కింద ఎనిమిది ప్లాస్టిక్ ముక్కలు అందులో పాతింది. వాటి మీద పట్టే జిగురు పొరలోనే ఆ జీవులుంటాయట. ఈ రోజే ల్యాబ్‌లో ఇవ్వాలి. మళ్లీ పాతడానికి గడువు లేదు.

కుప్పలో అక్క ముక్కలున్నాయని నాయనమ్మకు చెప్పింది నేనే. కడగొద్దని మాత్రం చెప్పలేదు.

అక్క డబ్బా పట్టుకుని బయటికొచ్చి దండెం దగ్గర ఆగిపోయింది.

"నాయనమ్మా, గివి నువ్వు తీసినవా?"

"పెంట పొలానికి ఎత్తుదామని తవ్విన. ఏం జిగురే తల్లీ! తోమి తోమి చేతులు పడిపోయినయి. సదువుకున్న పిల్లవు, గంత మురికివి బస్సుల పట్టుకపోతవా?"

"ఆ జిగురు కోసమే పెట్టిన."

నాయనమ్మ పకపకా నవ్వింది. "జిగురు కోసం ఆరు నెలలా? నన్నడిగితే బంక తెచ్చిద్దును గదనే!"

అక్క నవ్వలేదు. ఒక ముక్కను వేలితో తాకింది. అద్దంలా ఉంది.

"ఆ మురికిల పానముండె, నాయనమ్మా. ప్లాస్టిక్‌ను తినే పానం."

నాయనమ్మ నవ్వు ఆగింది. తడి చేతులను తిప్పి తిప్పి చూసుకుంది.

"ఎనిమిది పెట్టిన," అంది అక్క.

"ఏడే దొరికినయి."

ముగ్గురం ఒకరినొకరం చూసుకున్నాం. కుప్ప ఇంకా సగం మిగిలే ఉంది.

నాయనమ్మ అలవాటుగా గోడకున్న పార అందుకుంది. ఒక క్షణం ఆగి, దాన్ని మళ్లీ గోడకే ఆనించింది. అక్క చేతిలోని డబ్బా తీసుకుని, కొంగుతో చేతులు తుడుచుకోబోయి మానేసి, పెంటకుప్ప వైపు నడిచింది.