హైమవతి గొంతు

శ్రావణమాసారంభమున దక్షిణాపథ పీఠభూమిపై ఎడతెగక కురిసి అలసిన మేఘములు ప్రాచీముఖమున విచ్చుకొనగా తరుణారుణకిరణములు వర్షజలార్ద్రమైన హైదరాబాదు విమానాశ్రయ ప్రాంగణమునంతటిని కుంకుమవర్ణరంజితము గావించుచుండెను. ఆ కాంతిలో విశాఖపట్టణమునకు బయలుదేరనున్న శ్వేతవిమానమొకటి నూటయరువదిమంది ప్రయాణికులతో నిండియుండెను.

అందు విమానము నడపువారి ముందుగదిలో కుడివైపు ఆసనమున హైమవతి కూర్చుండియుండెను. శిక్షణ ముగించుకొని కోపైలట్టుగా ఆమె చేయు తొలి ప్రయాణమది. ఎడమవైపున ఆసీనుడైన కెప్టెన్ ధర్మాజీరావు గగనసంచారమున తలపండినవాడు, ఆమెకు పాఠములు చెప్పిన గురువు. అట్టివానికి తప్పు చూపుట యన్న తలంపే ఆమెకు తల కొట్టివేసినట్లుండెను.

ఎగురుటకు ముందు ఎవరి పని యేదియో సహచరునకు చెప్పుట కెప్టెనులందరికిని మామూలే. మన ధర్మాజీరావు పద్ధతి వేరు. ఒక్క మాటను సహచరునిచేత నేలమీదనే బిగ్గరగా పలికించినగాని ఇంజనును ముట్టడు.

"అమ్మా, దిగునపుడు ఐదువందల అడుగుల యెత్తున మన వేగము హద్దు మీరియున్నచో నీవేమందువు?"

"గో అరౌండ్ అందును కెప్టెనుగారూ" అని ఆమె గొణిగెను. దిగుట మాని మరల పైకి లేవుమను ఆ ఆజ్ఞను గురువునకే యిచ్చుటకు ఆమె జంకెను.

"నాకు వినబడలేదు."

మరల పలికెను. మరల వినబడలేదనెను. మూడవమారు ఆమె యరచిన యరపునకు తెరచిన కిటికీ క్రింద చక్రములు పరీక్షించుచున్న మెకానిక్కు తలయెత్తి చూచెను. ధర్మాజీరావు ఫక్కున నవ్వి "అదియే గొంతు! ఆ మాట విన్నంతనే ఎందుకని యడుగక విమానమును లేపెదను" అని మాట యిచ్చెను.

గంట గడచెను. మేఘగర్భమును చీల్చుకొని దిగుచుండగా నీలజలధియు హరితగిరులును వానకు నిగనిగలాడు రన్‌వేయు ఒక్కపెట్టున సాక్షాత్కరించెను. ఆహా యని హైమవతి మనస్సు గంతులిడెను. అంతలో ఆమె చూపు వేగము తెలుపు అంకెపై పడెను. గాలి తటాలున దిశ మార్చుటచే ఐదువందల అడుగుల యెత్తున వేగము హద్దు మీరియుండెను. తడిసిన నేలపై అట్లు దిగినచో రన్‌వే దాటి జారిపోవుట తథ్యము. కెప్టెను ముఖము ప్రశాంతముగ నుండెను. ఆయనకు తెలియదా నాకేల యని ఒక్క క్షణము ఆమె నోరు కట్టువడెను. వెనుక నూటయరువదిమంది. ఉదయము నేలమీద అరచిన గొంతే ఆమెను ఆదుకొనెను.

"గో అరౌండ్!"

ధర్మాజీరావు ప్రశ్నింపలేదు, ఆమె వంక చూడనైన లేదు. ఇంజనులు గర్జింప విమానము ఊర్ధ్వముఖమై లేచెను. ప్రయాణికులు బిక్కచచ్చిరి. హైమవతికి మాత్రము భయానందములు కలగలిసి ఒడలెల్ల పులకించెను. చుట్టి వచ్చి రెండవమారు వారు సుఖముగ దిగిరి.

అందరు దిగిపోయిన పిదప ధర్మాజీరావు మెల్లగా ఇట్లనెను. "అమ్మా, ఆ అంకెను నేనును చూచితిని. సరిపోవునులే యని నాకు నేనే నచ్చజెప్పుకొనుచుంటిని. ఇరువదియైదేండ్ల క్రిందట నీ ఆసనమున కూర్చుండి అట్టి అంకెనే చూచి పెద్దవారు గదా యని నోరు మూసికొంటిని. ఆ విమానము బురదలో దిగబడినది. ప్రాణములు దక్కినవి గాని నా మౌనము నన్ను విడువలేదు."

హైమవతికి కన్నులు చెమర్చెను. తిరుగుప్రయాణమున విమానమును నడపు వంతు ఆమెది. ఆమె నిటారుగ కూర్చుండి గురువు వంక తిరిగెను.

"కెప్టెనుగారూ, దిగునపుడు నా వేగము హద్దు మీరినచో తమరేమందురు?"

"గో అరౌండ్ అందునమ్మా" అని ఆయన మృదువుగ పలికెను.

"నాకు వినబడలేదు."

ధర్మాజీరావు ఒకింత నివ్వెరపోయి పిదప ఇరువదియైదేండ్లుగా గుండెలో అణగియున్న ఊపిరినంతయు కూడదీసికొని అరచెను. క్రింద విశాఖ మెకానిక్కు తలయెత్తి చూచెను.