అప్పలస్వామి కంచం

మా అత్తగారు పెద్దింట్లమ్మ లెక్క ప్రకారం నా మొగుడు అప్పలస్వామికి ఏటా రెండుసార్లు జీతం పెరుగుతుంది. నిజానికి ఆయన పోయి చాలా ఏళ్ళయింది. సరిహద్దు దగ్గర మంచుకొండల్లో జరిగిన పేలుడులో పోయాడు. జెండా కప్పిన పెట్టె ఇంటికి వచ్చింది గాని, దాన్ని తెరవనివ్వలేదు. తెరవని పెట్టెను మా అత్తగారు నమ్మలేదు.

ఆమె మొండితనానికి ఊతమిచ్చింది గవర్నమెంటే. నాకు వచ్చే ఫ్యామిలీ పింఛను మీద డీఏ, అంటే కరువు భత్యం, ఎండలు ముదరక ముందొకసారి, దీపావళి ముందొకసారి పెంచుతూ ఉంటారు. మొదటిసారి పెరిగినప్పుడు ఆమె రొయ్యలు ఒలుస్తూ తలెత్తి, “పోయినోడికి ఎక్కడైనా జీతం పెంచుతారేంటే? గవర్నమెంటు అంత ఎర్రిదా?” అంది. ఆ వాదన ఎంత బాగుందంటే, కాసేపు నాకూ నమ్మేయాలనిపించింది.

అప్పట్నించి పెంపు వచ్చినప్పుడల్లా కొడుకుని ఒక్కో మెట్టు ఎక్కించుకుంటూ పోయింది. నాయక్‌ని చేసింది, హవల్దారుని చేసింది, సుబేదారుని చేసింది. ఇలాగే పోతే నేను కల్నలుగారి భార్యనైపోవడం ఖాయం అనుకునేదాన్ని. పెంపు తెలిసిన రోజున రొయ్యల ఇగురు వండి, అంచు మీద ఆయన పేరు చెక్కించిన స్టీలు కంచంలో వడ్డించి, పైన మూతపెట్టి, గోదారి రేవు వైపు తలుపు బార్లా తీసి ఉంచేది. జీతం పెరిగినవాడు సెలవు పెట్టి రాకపోతాడా అని ఆమె ధీమా. సాయంత్రానికి ఆ అన్నం గోదాట్లో చేపలకి పోయేది.

చిత్రమేమిటంటే, నా కలల్లో కూడా ఆయనకి వయసు రావడం మొదలైంది. గోడ మీది ఫొటోలో మీసం నల్లగానే ఉంది. కలలో మాత్రం చెవుల దగ్గర నెరిసింది, చొక్కా గుండీల దగ్గర కాస్త పొట్ట కూడా వచ్చింది. దిండి రిసార్టుల నుంచి వచ్చే హౌస్‌బోట్లు మంచులో దీపాలతో మెల్లగా కదిలేవి. వాటిలో ఒకదాని మీద నిలబడి ఆయన మా రేవు దాటిపోయేవాడు. పిలిస్తే వినపడనట్టు కళ్ళజోడు తీసి తుడుచుకునేవాడు. మెలకువ వచ్చాక కూడా చాలాసేపు, ఎక్కడో దూరాన డ్యూటీలో ఉన్నవాడి పెళ్ళాన్నే అనిపించేది. హాయిగా ఉండేది. ఆ హాయిని చూసుకుని నాకే భయం వేసేది.

పెంపు కబురు తెచ్చేవాడు రమణబాబు. ఆయనదీ నా మొగుడి యూనిట్టే. అదే పేలుడులో కుడి పాదం పోగొట్టుకుని, కట్టుడు పాదంతో ఇంటికొచ్చి, రాజోలులో పడవ ఇంజన్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. ఆయనకి వచ్చేది వికలాంగ పింఛను. దానికీ నా పింఛనుకీ డీఏ ఒకేసారి పెరుగుతుంది. తెలియగానే జిలేబీ పొట్లంతో వచ్చేవాడు. అత్తగారు ఎదురెళ్ళి, మావోడికీ పెంచేరా బాబుగారూ అని అడిగేది. ఆయన తల దించుకుని, “ఆయ్, పెంచేరండీ” అనేవాడు. అది అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు.

ఆయన నన్ను వదినగారూ అని పిలిచేవాడు. ఎప్పట్నించో గాని, ఆ పిలుపు మానేసి, ఏ పిలుపూ లేకుండా మాట్లాడటం మొదలుపెట్టాడు. పోయిన పెంపు నాడు పెళ్ళి మాట ఎత్తాడు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నా నా పింఛను ఆగదని కనుక్కున్నానని, భయపడక్కర్లేదని, అత్తగారు మనతోనే ఉంటారని చెప్పాడు. నాకూ ఇష్టమే. కానీ ఆమె నోటితో సరేనంటేనే చేసుకుంటానన్నాను. ఆమె సరే అనాలంటే ముందు కొడుకు లేడని ఒప్పుకోవాలి. బతికున్న కొడుకుని నా చేత్తో చంపినట్టవుతుందని నా దిగులు. వచ్చే పెంపుకి చెబుతానని మాత్రం మాటిచ్చాను.

ఆ పెంపు రానే వచ్చింది. ముందురోజే టీవీలో చెప్పడంతో అత్తగారు తెల్లారకుండానే పొయ్యి దగ్గర కూర్చుంది. గోదారి మీద మంచు దట్టంగా ఉంది, అవతలి ఒడ్డే లేదు. ఆ మంచులోంచి ముందు రమణబాబు నడక వినిపించింది, ఒక అడుగు మెత్తగా, ఒక అడుగు గట్టిగా.

ఆమె ఎప్పటిలాగే అడిగింది. ఆయన నా వైపు చూశాడు.

“అది జీతం కాదు అత్తయ్యా,” అన్నాను. “బియ్యం, నూనె, మందులు, అన్నిటికీ రేట్లు పెరిగేయని, ఇంట్లో ఉన్నోళ్ళు ఎలా బతుకుతారని పెంచేదది.”

ఆమె గరిటె ఆపింది. “అయితే తినేవాళ్ళకేనా?”

“ఆయ్.”

“మావోడికి కాదా?”

రమణబాబే చెప్పాడు. “ఆడికి ఏ రేటు పెరిగినా ఒకటేనండి. నేను పక్కనే ఉన్నానండి. నా కళ్ళముందే పోయేడండి.”

ఇన్నేళ్ళలో ఆమెతో ఎవరూ అనని మాట అది. ఆమె తెరిచి ఉన్న తలుపులోంచి నీళ్ళ వైపు చూసింది, నేనూ చూశాను. మంచులో ఒక హౌస్‌బోటు వెళ్తోంది. దాని మీద ఎవరో టూరిస్టు ఫోన్లో ఫొటోలు తీసుకుంటున్నాడు, అంతే. పెట్టె వచ్చిన రోజున కూడా ఏడవని మా అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను వెళ్ళి ఆమెను పట్టుకున్నాను. ఆ ఏడుపు ఆమెదో నాదో తెలియలేదు.

చాలాసేపటికి ఆమె లేచి మొహం కడుక్కుంది. ఆ కంచంలో అన్నం, ఇగురు వడ్డించింది. మూత వెతకలేదు. తెచ్చి పీట ముందు పెట్టి, ఎప్పుడూ బాబుగారూ అనే మనిషి, “కూర్చోరా రమణా” అంది.

ఆయన కంగారుపడి అది ఆడి కంచం కదండీ అన్నాడు.

“వదినగారూ అనడం ఎప్పుడు మానేసేవో నాకు తెలీదనుకున్నావా? తిను.” అని, నా వైపు తిరిగి, “ఆ తలుపు వేసెయ్యే బేబీ. చలి కొడతంది” అంది.

నేను వెళ్ళి రేవు తలుపు వేశాను. వెనక్కి తిరిగేసరికి ఆయన తల వంచుకుని తింటున్నాడు, ఆమె ఎదురుగా కూర్చుని ఇంకో గరిటె వేస్తోంది.

“మెతుకు వదలకు” అంది. “రేట్లు పెరిగేయంట.”