రామ్‌చందర్ సారు తెచ్చిన కాగితం

ఆ ఆదివారం పొద్దున మా ఇంట్లో ఐదుగురం ఉన్నాం. బొగ్గు గనిలో టిప్పర్ నడిపే నాన్న సారయ్య, సెలవు కాబట్టి లుంగీ కట్టుకొని కుర్చీలో. నానమ్మ వెంకమ్మ నాన్న పక్కనే మంచం మీద, కాళ్లు చాపుకొని. అమ్మ పొయ్యి దగ్గర. చెల్లి పద్మప్రియ గడప మీద ఖాళీ అగ్గిపెట్టెలు వరసగా పేర్చి వాటికి హాజరు వేస్తోంది. నేను లోపలి గది తలుపు చాటున. ఎవరైనా వస్తున్నారంటే నేను ఉండే చోటు అదే. పదింటికి చెల్లి బడి హెడ్మాస్టర్ రామ్‌చందర్ సారు వచ్చారు. చంకలో ఫైలు ఉంది. అది చూసి తలుపును ఇంకొంచెం దగ్గరకు లాక్కున్నాను.

చెల్లికి పదేళ్లు. మాటలు ఆలస్యంగా వచ్చాయి, చదువు ఇంకా రాలేదు. నాలుగో తరగతిలో ఉంది గానీ అ ఆల దగ్గరే ఆగింది. అయినా బడి అంటే ప్రాణం. సారు హాజరు పిలుస్తుంటే రాని పిల్లలందరి బదులు తనే "ప్రెజెంట్ సార్" అంటుంది. వారం కింద తనిఖీకి వచ్చినవాళ్లు పుస్తకం ఇచ్చి చదవమంటే, తలకిందులుగా పట్టుకొని వాళ్లకే హాజరు పిలిచిందట. ఊరంతా చెప్పుకొని నవ్వారు. సారు మాత్రం నవ్వలేదని విన్నాను. అప్పటి నుంచి నాకు భయంగానే ఉంది.

నెల ముందు అమ్మా నేనూ భద్రాచలం పోయి వచ్చాం. చెల్లి లాంటి పిల్లల తల్లిదండ్రులకు రెండు రోజుల శిక్షణ, బడిలో పిల్ల తరఫున ఎట్లా మాట్లాడాలో నేర్పిస్తారని అంగన్‌వాడీ టీచరు చెప్పింది. అమ్మకు చదవడం రాదు కాబట్టి నేను తోడు. నేర్పించింది జంపక్క. చర్ల అవతల అడవి ఊరు ఆమెది. ఆమె కూతురికి చెవులు వినపడవు. ఆ పిల్ల కోసం బడుల చుట్టూ తిరిగి తిరిగి ఇదంతా నేర్చుకుందట.

మొదటి రోజు జంపక్క కుర్చీలో కాలు మీద కాలేసుకొని హెడ్మాస్టర్ అయింది. ఒక్కొక్కరినీ పిలిచి, ముందు ఒక కాగితం పెట్టి, ఏం లేదు, చిన్న సంతకం అంది. వచ్చిన ఇరవై మందిలో ఒక్కరూ మారు మాట్లాడలేదు. సంతకం వచ్చినవాళ్లు సంతకం పెట్టారు, అమ్మ వేలిముద్ర వేసింది. తర్వాత జంపక్క ఆ కాగితం చదివి వినిపించింది. నా బర్రెను దూడతో సహా జంపక్కకు రాసిస్తున్నాను, అని ఉంది అందులో.

"ఇరవై బర్లు. మేపనీకి ఇగ మా అడివి సాలదు," అంది జంపక్క. హాలంతా నవ్వులు.

అమ్మ నవ్వలేదు. సాయంత్రం దాకా వేలికి అంటిన ఇంకును కొంగుతో తుడుస్తూనే ఉంది. సారు తెచ్చిన కాగితం చదవమంటే సారును నమ్మనట్టు కాదా, అని నన్ను అడిగింది. మా దిక్కు అంతే. ఇంటికొచ్చిన పెద్దమనిషి చాయ్ తాగుతుండగా, ఆయన తెచ్చిన దాంట్లో ఏముందని అడిగితే ఆయనను దొంగ అన్నట్టే.

రెండో రోజు నన్ను లేపి ఒక కాగితం గట్టిగా చదవమన్నారు. 'గృహ ఆధారిత విద్యకు అంగీకార పత్రం' అని దాని పేరు. అందరూ నా వైపే చూసేసరికి కాగితం వెనక ముఖం దాచుకున్నాను. జంపక్క నా భుజాలు పట్టుకొని గోడ వైపు తిప్పింది. "గోడకు సదువు బిడ్డా. మేం విననట్టే వింటం." అప్పుడు మాట వచ్చింది. చివరిదాకా చదివాను. అది మంచం దిగలేని పిల్లల కోసం పెట్టిన పద్ధతి, బడికి నడిచి పోయే పిల్లను ఇంట్లో కూర్చోబెట్టడానికి కాదు, అని జంపక్క అందరికీ చెప్పింది.

ఇప్పుడు మా ఇంట్లో కూర్చొని సారు అదే సంగతి ఎంతో నెమ్మదిగా చెబుతున్నారు. పిల్ల ఎండకూ వానకూ తిరిగే పని లేదని, టీచరమ్మే వారానికోసారి ఇంటికొస్తుందని, పేరు రికార్డులో ఉంటుందని. సారు చేతిలో చాయ్ పెట్టి అమ్మ పక్కకు నిలబడింది. నానమ్మ ముఖం వెలిగిపోయింది. నాన్న తల ఊపుతూ కూర్చున్నాడు. ఇంటికి వచ్చి చెప్పడమే గొప్ప అన్నట్టు.

సారు జేబులో ఎర్ర పెన్ను ఒక్కటే ఉంది, సంతకానికి పనికిరాదు. నాన్న నన్ను పిలిచి నీలం పెన్ను తెమ్మన్నాడు. డైరీలో పెట్టుకునే పెన్ను తీసుకొని ముందు గదిలోకి వచ్చాను. టీపాయ్ మీద కాగితం ఉంది. పైన పేరు చదివాను. అదే. నేను ఇది అందిస్తే రేపటి నుంచి చెల్లి బడికి పోదు. అమ్మ కాగితం వైపు చూసింది. తర్వాత నా ముఖం వైపు చూసింది.

"చదివి సంతకం పెడదాం నాన్నా," అన్నాను. నాకే సరిగ్గా వినపడలేదు.

"ఏంది?" అన్నాడు నాన్న.

నానమ్మకు మాత్రం వినపడింది. "సారు సదువుకోకనే తెచ్చిండా? కలెక్టరమ్మ బయలెల్లింది."

సారు నవ్వారు. ఆయన దగ్గర ఐదేళ్లు చదివాను. "నీకు నోరుందని ఇయ్యాల్నే తెలిసింది, లిఖితా," అన్నారు.

నా పేరు వినపడగానే గడప మీద నుంచి చెల్లి, అగ్గిపెట్టెల మీద నుంచి తల ఎత్తకుండానే, "ప్రెజెంట్ సార్," అంది.

నేను పెన్ను అందించలేదు, కాగితం చేతిలోకి తీసుకున్నాను. చదువుదామని నోరు తెరిచాను. నాన్న, నానమ్మ, సారు, ముగ్గురూ నన్నే చూస్తున్నారు. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. నాన్న ముఖం నల్లబడింది. ఇటియ్యి, అంటూ కుర్చీలోంచి లేచాడు.

అంతకన్నా ముందే అమ్మ నా రెక్క పట్టుకుంది. కొడుతుందనుకున్నాను. కాగితంతో సహా నన్ను లోపలి గది గుమ్మం దాకా లాక్కుపోయి లోపలికి నెట్టింది. తర్వాత వెనక్కి తిరిగి, తలుపు రెక్క పట్టుకొనే, సారుతో అంది.

"చాయ్ సల్లారుతది, తాగుండ్రి సారూ. గందాక పిల్ల సదువుతది. మేం వింటం."

నాన్న ఏదో అనబోయాడు. అమ్మ అటు చూడలేదు. నా వైపు వంగి, వేలిముద్ర వేసిన ఆ వేలితోనే కాగితం మొదటి వరస చూపించింది.

"గోడకు సదివినట్టు సదువు. గట్టిగ," అని తలుపు మూసింది.