మోటారు గదిలో బావ

మా బావది గట్టి బుర్ర అని మొదట నవ్వింది నేనే. ఇద్దరం లిఫ్టులు బాగుచేసేవాళ్ళం. ఆ రోజు లిఫ్టు గుంటలోంచి పైకి లేస్తూ ఇనుప దూలానికి తల కొట్టుకున్నాడు. హెల్మెట్ పక్కన పెట్టి దిగాడు మహానుభావుడు. కళ్ళు తిరిగి కాసేపు కూర్చున్నాడు, నీళ్ళు తాగాడు. "దూలానికేమైనా సొట్ట పడిందేమో చూడరా బామ్మర్దీ" అన్నాడు. ఇద్దరం పడీపడీ నవ్వాం. స్కానింగ్ తీయిస్తే అంతా బాగుందన్నారు.

ఏం బాగుంది, నా మొహం! వారం తిరక్కుండానే మొదలైంది. ట్యూబులైటు వేస్తే కళ్ళు మూసుకునేవాడు. గిన్నె కింద పడితే చెవులు మూసుకుని గోడవైపు తిరిగేవాడు. కూతురంటే ప్రాణం పెట్టే మనిషి, అది పాఠం పైకి చదువుతోందని పుస్తకం లాక్కుని విసిరికొట్టాడు. ఆ తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి ఏడ్చాడు. నెలలు గడిచాయి గానీ తలనొప్పి పోలేదు.

డాక్టరమ్మ మాత్రం విడమరిచి చెప్పింది. "పైన దెబ్బ మానింది. లోపల మెదడులో వాపు ఇంకా చల్లారి ఉండకపోవచ్చు. ఇలాంటిది మామూలు స్కానింగ్‌లో కనపడదు. కొందరికి నెలలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువే. అప్పటిదాకా యంత్రాల దగ్గరికి పంపకండి."

కనపడని జబ్బును ఎవరు నమ్ముతారు? మా సూపర్‌వైజర్ అసలే నమ్మలేదు. "కట్టు లేదు, కుట్టు లేదు, ఇంకేం నొప్పయ్యా?" అన్నాడు. వాడి నోట మన్ను పడ! ఆ మాటలు వినీ వినీ చివరికి బావే తనను తాను నమ్మడం మానేశాడు. "నాకే ఒళ్ళు బద్ధకం పట్టుకుందేమోరా" అన్నాడొకరోజు.

అక్క నన్ను వంటగదిలోకి లాక్కెళ్ళింది. "ఒరేయ్ తమ్ముడూ, ఇంట్లో కూర్చోబెడితే మనిషి మనిషిలా లేడు. నీతో తీసుకెళ్ళు. పక్కన నువ్వుంటావుగా?"

"డాక్టరమ్మ వద్దంది కదే అక్కా."

"ఆవిడకేం, చెప్పేసి వెళ్తుంది. ఈయనతో వేగేది నేను" అంటూ కొంగు నోట్లో కుక్కుకుంది. అక్క ఏడిస్తే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. సరేనన్నాను.

మా పనికి ఒక కట్టుబాటు ఉంది. ఒకడు మేడమీద మోటారు గదిలో, మీట దగ్గర ఉంటాడు. ఇంకొకడు లిఫ్టు పెట్టె నెత్తిమీద, చీకట్లో ఉంటాడు. మధ్యలో వాకీటాకీ. పెట్టెమీది వాడు చెప్పిన మాటను మోటారు గదిలో వాడు తిరిగి చెప్పాలి, ఆ తర్వాతే మీట ముట్టుకోవాలి. ఇది నాకు నేర్పింది బావే. కొత్తలో ఒకసారి తిరిగి చెప్పకుండా మీట తిప్పితే నా వీపు విమానం మోత మోగించాడు. "అక్కడున్నోడి ప్రాణం నీ నోట్లో ఉందిరా వెధవా!" అన్నాడు.

ఆ కట్టుబాటు మీద నమ్మకంతోనే తాళంచెవి చేతికిచ్చి ఆయన్ని మోటారు గదిలో కూర్చోబెట్టాను. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, చాన్నాళ్ళకు గడ్డం గీసుకుని వచ్చాడు. "హీరోలా ఉన్నావ్ బావా" అంటే, "ఆ ముక్క మీ అక్కతో చెప్పు" అన్నాడు. నేను పెట్టెమీదికెక్కి పట్టాలకు గ్రీజు రాయడం మొదలుపెట్టాను. "పైకి, కొంచెం" అంటే "పైకి, కొంచెం" అనేవాడు, పెట్టె అంతే కదిలేది. మా పాత బావ తిరిగొచ్చాడని లోలోపల మురిసిపోయాను.

మధ్యాహ్నానికి పై అంతస్తు దాకా వచ్చాం. నా నెత్తిమీద కాంక్రీటు కప్పు, కూర్చుంటే తప్ప పట్టనంత దగ్గరగా ఉంది. పని అయిపోయింది.

"కిందికి, నిదానంగా" అన్నాను.

"కిందికి, నిదానంగా" అన్నాడు బావ, ఎప్పటి గొంతుతోనే.

పెట్టె పైకి లేచింది.

"బావా! కిందికి!"

"కిందికి" అన్నాడు. పెట్టె ఇంకా పైకే వస్తోంది. బోర్లా పడి, పెట్టెను ఆపే ఎర్ర స్విచ్ మీద పిడికిలితో గుద్దాను. ఆగేసరికి కప్పు నా వీపుకు ఆనుతోంది. దేవుణ్ణి తలుచుకోవాల్సిన చోట నా నోట్లోంచి బూతులు వచ్చాయి.

వాకీటాకీలో బావ గొంతు చిరాగ్గా వినిపించింది. "ఏమైందిరా? కిందికే పంపుతున్నాగా, ఎందుకాపావ్?"

పక్క గోడకున్న అత్యవసర తలుపు సందులోంచి పాక్కుంటూ బయటపడి మోటారు గదికి పరిగెత్తాను. కొడదామనే వెళ్ళాను. బావ చెయ్యి ఇంకా మీట మీదే ఉంది. మీట పైకి బాణం గుర్తున్న వైపు తిరిగి ఉంది.

"నీ చెయ్యి చూడు బావా" అన్నాను.

చూశాడు. అది ఎవరి చెయ్యో అన్నట్టు చాలాసేపు చూశాడు.

"నేను తిరిగి చెప్పానా?"

"చెప్పావ్."

"ఏమని?"

"కిందికనే."

నల్లకళ్ళద్దాలు తీసి కింద పెట్టాడు. "నిన్ను చంపేసుండేవాణ్ణి కదరా" అన్నాడు. నా కోపం ఎటు పోయిందో తెలీదు, ఆయన్ని పట్టుకుని ఏడ్చేశాను. మోటారు గది తాళంచెవి మొలతాడు నుంచి విప్పి నా జేబులో వేశాడు. "ఇంక ఇది నా చేతికివ్వకు. నేను కాళ్ళు పట్టుకున్నా ఇవ్వకు" అన్నాడు.

ఇంటికొచ్చాక జరిగింది అక్కకు తనే చెప్పాడు. పక్కన కూర్చున్న కూతురూ అంతా విన్నది. అక్క లేచి భోజనాలు వడ్డించింది. దీపం తగ్గించి నలుగురం కూర్చున్నాం.

"నాన్నా, నీళ్ళ చెంబు ఇటివ్వవా?" అంది మేనకోడలు.

"నీళ్ళ చెంబు" అన్నాడు బావ.

ఎవరమూ ముద్ద నోట్లో పెట్టలేదు. అక్కా, నేనూ, ఆఖరికి ఆ చిన్నపిల్ల కూడా, ఆయన చెయ్యి వైపే చూస్తున్నాం. చెయ్యి సరిగ్గా చెంబు వైపే వెళ్ళింది. సగం దారిలో బావ తలెత్తి మా మొహాలు చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.